ఇంజను నీళ్లు తాగే చోట

నేను కాపురానికి వచ్చిన ఠేషనుకు చుట్టుపక్కల ఊరు లేదు. మహబూబ్‌నగర్ దాటి దక్షిణంగా పోయే రైలు దారిలో, గుట్టల నడుమ, ఇంజన్లు నీళ్లు పట్టుకోవడానికని కట్టిన చిన్న ఠేషను అది. టికెట్లిచ్చే గది ఒకటి, దాని ముందు ఎర్రమట్టి ప్లాట్‌ఫారం, ఒక పెద్ద బావి, ఇనుప స్తంభాల మీద నీళ్ల తొట్టి, కాస్త ఎడంగా రెండు రాతి క్వార్టర్లు. ఒకదాంట్లో ఠేషను మాస్టరు ఉండేవాడు, ఇంకోదాంట్లో మేము. మా ఆయన పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. జర్మనీ లడాయి మొదలైందని అందరూ చెప్పుకుంటున్న ఏడాది అది. నాకు పదిహేడేళ్లు.

మా పుట్టినిల్లు నల్లగొండ పక్క పల్లె. సేద్యం చేసుకునే ఇల్లు. బాపు, చిన్నబాపులు, వాళ్ల పిల్లలు, అవ్వ, వచ్చీపోయే చుట్టాలు కలిపి ఎప్పుడు చూసినా పదిహేను మందికి తక్కువ ఉండేవాళ్లం కాదు. తెల్లారి లేచింది మొదలు ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని కేకేస్తూనే ఉండేవారు. నాకంటూ ఒక మూల ఉండాలని ఆ ఇంట్లో ఎన్నడూ అనిపించలేదు. అక్కడి నుంచి ఎడ్లబండి, మోటారు, ఆ తర్వాత రైలు ఎక్కి ఈ గుట్టల్లో దిగాను. రైలును చూడడమే అది మొదటిసారి. మమ్మల్ని దించి అది వెళ్లిపోయింది. దాని చప్పుడు పూర్తిగా ఆగిపోయాక ఇంకేమైనా వినబడుతుందేమోనని చెవి ఒగ్గి నిలబడ్డాను. గాలి తప్ప ఏమీ లేదు.

మా ఆయన మంచివాడు. వాళ్లకు పొలం తక్కువ, అన్నదమ్ములు ఎక్కువ. అందుకని రైలు కొలువులో చేరాడు. కోపం లేదు, తాగుడు లేదు. మాట మాత్రం బహు తక్కువ. రాత్రి గూడ్సు బండ్లుంటే మేలుకునేవాడు, పగలు నిద్రపోయేవాడు. అన్నం తినేటప్పుడు మాత్రమే నాకు దొరికేవాడు.

"ఇయ్యాల బండిల ఎవరన్న దిగిండ్రా?" అని అడిగేదాన్ని.

"ఒకడు దిగిండు."

"ఎవరు? ఏ ఊరాయన?"

"అడగలే. పోయిండు."

దిగి పోయిన ఆ ఒక్కడి గురించి నేను మర్నాటి దాకా ఆలోచిస్తూ ఉండేదాన్ని. అతనికి పెళ్లయిందా, ఏ ఊరికి పోతున్నాడు, ఎవరైనా ఎదురొచ్చారా, చేతిలో ఏముంది. మాస్టరును అడుగుదామంటే ఆయన యాభై దాటిన మనిషి, భార్య పోయి చాలా ఏళ్లయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడిచి లోపలికి పోయేవాడు. ఆయన ముందు నిలబడి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం రైలు ఆగినప్పుడు కిటికీలో నుంచి ఒక ముసలామె చేయి ఊపి నీళ్లు అడిగింది. పరుగెత్తి ఇత్తడి చెంబు నిండా ముంచి తెచ్చాను. ఆమె నెమ్మదిగా తాగుతూ, "ఏ ఊరు బిడ్డా నీది?" అన్నది. అంతే, నాకు ఎక్కడ లేని సంతోషం వచ్చింది. మా ఊరు, మా బాపు, మా తాతది ఏ ఊరు, ఆయనను ఇల్లరికం ఎట్లా తెచ్చుకున్నారు, అన్నీ మొదలుపెట్టాను. మా చిన్నబాపు పెళ్లి దగ్గరికి వచ్చేసరికి రైలు కదిలింది. నేను ఆపలేదు. రైలు డబ్బా పక్కనే నడుస్తూ చెప్పాను, తర్వాత ఉరుకుతూ చెప్పాను. ప్లాట్‌ఫారం అయిపోయిన చోట ఆగిపోయాను. చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన పచ్చజెండా పట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. ఇంటికి వచ్చాక చెంబు సంగతి అడగలేదు. ఇంకొకటి ఉంది కదా అని మాత్రం అన్నాడు.

ఆ వానాకాలంలో ఒకరోజు ఆయన గాఢనిద్రలో ఉండగా మాస్టరు గూడ్సు వస్తున్నదని గంట కొట్టాడు. ఆయనను లేపుదామని నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు. దగ్గి సవరించుకుంటే గానీ మాట బయటికి రాలేదు. ముందురోజు పొద్దుటి నుంచి ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నాకు భయం వేసింది. నిజమైన భయం.

వానలు వెనకపట్టాక ఒక ఉదయం గుట్ట మీది నుంచి ఆరుగురు ఆడవాళ్లు వరుసగా దిగి రావడం కనబడింది. తలల మీద గంపలు. గంపల నిండా సీతాఫలాలు, పైన పచ్చి ఆకులు. ఇక్కడ ఇంజను నీళ్లు పట్టుకునేదాకా బండి కదలదు కాబట్టి పండ్లు అమ్ముకోవడానికి మంచి తావు. రైలు రాగానే వాళ్లు కిటికీల వెంట ఉరికారు. ప్లాట్‌ఫారం మీద అంత సందడి నేను అదివరకు చూడలేదు. అరుగు మీద నిలబడి కన్నార్పకుండా చూశాను.

గుట్టకు అవతల ఒక ఊరుందనీ, ఆ ఊరికి దూరంగా వీళ్ల వాడ ఉందనీ, దొర పొలాల్లో కూలికి పోతారనీ, సీతాఫలాల కాలంలో మాత్రం ఇటు వస్తారనీ మా ఆయన చెప్పాడు. వాళ్లను ముట్టుకోకూడదన్నది చెప్పలేదు. అది నాకు పుట్టింట్లోనే నేర్పారు. ఠేషను బావి సర్కారుదే అయినా వాళ్లు దాని గట్టు ఎక్కేవారు కాదు. ఒక ఎండు సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చుకుని అందరూ కొంచెం కొంచెం తాగేవారు.

నేను రోజూ ఒక్కో అడుగు ముందుకు జరిగాను. మొదటి రోజు అరుగు మీద, తర్వాత మెట్టు మీద, ఆ తర్వాత ఏదో పనున్నట్టు బావి దగ్గర. వాళ్లు చూసి నవ్వుకునేవారని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

అయిదో రోజో ఆరో రోజో, దిగేటప్పుడు సొరబుర్ర రాయికి తగిలి పగిలింది. అందరిలో పెద్దామె నా వైపు వచ్చింది. నెరిసిన జుట్టు, బొంగురు గొంతు, నిటారు మనిషి.

"అమ్మా, మా బుర్ర పగిలింది. గీ పోరి పాలిచ్చే తల్లి, నోరెండుకపోయింది. జర నీళ్లు పోస్తవా?"

మిగిలిన చెంబుతో నీళ్లు తెచ్చి, ఇంట్లో చూసిన అలవాటు ప్రకారం పైనుంచి పోశాను. ఒక్కొక్కరే దోసిలి పట్టి తాగారు. ఆ చిన్నదాని వంతు వచ్చింది. చంకలో పసిబిడ్డ ఉంది, ఒంటి చేత్తో పట్టలేకపోతోంది. నీళ్లు మోచేతి మీదుగా కారిపోతున్నాయి తప్ప నోట్లోకి పోవడం లేదు. రెండుసార్లు పోశాను. మూడోసారి చెంబు ఆమె చేతికే ఇచ్చాను.

ఆమె తీసుకోకుండా పెద్దామె ముఖం చూసింది.

"మీ ఇంట్ల తెలిస్తే ఏమంటరు?" అని అడిగింది పెద్దామె.

"ఏమన్న అనెటందుకు నా ఇంట్ల ఎవరున్నరవ్వా?" అన్నాను.

నవ్వుతూనే అన్నాను. అనగానే ఏడుపు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఆ చిన్నది చెంబు ఎత్తి గటగటా తాగుతూ, చెంబు పైనుంచి నన్నే చూస్తోంది. పెద్దామె నా ముందు కింద కూర్చుంది.

"ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా? కొట్టిండా?"

"లేదు."

"తిండికి తక్కువా?"

"లేదు. మాట్లాడెటందుకు మనిషి లేడు."

"గంతేనా? మా వాడల ఒక్కరోజుండు, ఎవ్వలన్న నోరు మూసుకుంటే బాగుండనిపిస్తది," అన్నది. తక్కిన వాళ్లంతా నవ్వారు. ఏడుపు మధ్యలో నాకూ నవ్వొచ్చింది. "రేపు పొద్దుగాల మా ఎంబడి గుట్టకు రా. గిట్ల ఒక్కదానివే కూసుంటే గా పట్టాల పక్క పడ్డ ఇనుపముక్క లెక్క తుప్పు పడ్తవ్."

ఆ సాయంత్రం అన్నం పెడుతూ మా ఆయనకు చెప్పాను. ఆయన తినడం ఆపాడు.

"వాళ్లతోని గుట్టకా? ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు?"

"ఎవరున్నరు ఇక్కడ, చూసి అనుకునెటందుకు? ఎవరన్న ఉంటే నేను పోకుండనే ఉందును."

ఆయన కంచంలో మిగిలింది తినేశాడు. చేయి కడుక్కుని బయటికి పోతూ గడప దగ్గర ఆగి, "కట్టె పట్టుకపో. రాళ్ల కింద తేళ్లుంటయ్," అన్నాడు. అంతకు మించిన అనుమతి నాకు అక్కర్లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా వాళ్ల వెంట గుట్ట ఎక్కాను. రాళ్ల సందుల్లో ఎక్కడ చూసినా సీతాఫలం చెట్లే. పెద్ద పెద్ద కాయలు చూసి గబగబా తెంపి గంప నింపాను. గొప్పగా తెచ్చి చూపించాను. పెద్దామె ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టింది. గంపలో మూడే మిగిలాయి.

"ఇవన్ని కండ్లు మూసుకున్నయ్ బిడ్డా. మక్కబెట్టినా రాళ్ల లెక్కనే ఉంటయ్. కండ్లు తెరిసిన కాయను తెంపాలె. గిదిగో చూడు."

కాయ మీది గళ్ల మధ్య గీతలు వెడల్పయి తెల్లగా, లేత గులాబీ రంగుగా కనబడితే కాయ కళ్లు తెరిచినట్టు. అట్లాంటి కాయను ఆకుల్లో పెడితే రెండు రోజుల్లో పండుతుంది. నేను తెంపిన పచ్చికాయలను చూసి వారం రోజులు నవ్వారు. రైలు రాగానే చిన్నది కిటికీల దగ్గర, "గివి ఠేషనమ్మ తెంపినయి కాదు, నిమ్మలంగ కొనుండ్రి," అని అరిచేది. అప్పటి నుంచి నా పేరు ఠేషనమ్మే అయింది. కొన్నాళ్లకు మా ఆయన కూడా అట్లాగే పిలవడం మొదలుపెట్టాడు.

గుట్ట మీద మాటలకు అంతు ఉండేది కాదు. ఎవరి అత్త ఎట్లాంటిది, ఎవరి మగడు దేనికి భయపడతాడు, దొర గడీలో వెట్టికి పోయినప్పుడు ఎవరు ఎవరి మీద ఏ మాట విసిరి తప్పించుకు వచ్చారు. కష్టమైన సంగతులను కూడా వాళ్లు ఎట్లా చెప్పేవారంటే, ముందు నవ్వేదాన్ని, ఇంటికి వచ్చాక ఆలోచిస్తే గుండె బరువెక్కేది. నేను మా ఇంటి కథలన్నీ చెప్పాను. రైలు ముసలామెకు సగమే చెప్పిన చిన్నబాపు పెళ్లి కథ పూర్తి చేశాను. మగపెళ్లివారి ఎద్దులు బెదిరి పెళ్లికొడుకును మక్కచేనులో పడేసిన దగ్గర, పెద్దామె రాయికి ఒరిగి కళ్లనీళ్లు తుడుచుకుంది.

ఇంతలో బతుకమ్మ రోజులు వచ్చాయి. పుట్టింటికి పోవడానికి మా ఆయనకు సెలవు దొరకలేదు. ఆ సంగతి గుట్ట మీద చెబితే పెద్దామె తంగేడు కొమ్మ విరుస్తూ, "అయితే మేమే నీ కాడికి వస్తం. నీ ప్లాట్‌ఫారం మా వాకిలి కంటె సాపుగున్నది," అన్నది.

పండగలో ఆఖరిదైన సద్దుల రోజు సాయంత్రం వాళ్ల వాడ నుంచి పన్నెండు మంది వచ్చారు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు పేర్చిన బతుకమ్మలు తలల మీద. నేను పళ్లెంలో పేర్చిన చిన్న బతుకమ్మను తెచ్చి వాటి మధ్య పెట్టాను. అప్పుడే మాస్టరు గదిలో నుంచి బయటికి వచ్చాడు.

"ప్లాట్‌ఫారం మీద ఆటలాడేందుకు రూలు లేదు," అన్నాడు.

అందరం ఎక్కడివాళ్లం అక్కడ నిలబడిపోయాం. వెనక సిగ్నలు దీపాల్లో నూనె పోస్తున్న మా ఆయన తల ఎత్తాడు.

"ఆడొద్దని గూడ రూలు లేదు సారూ," అన్నాడు.

పై అధికారికి ఆయన ఎదురు మాట చెప్పడం నేను విన్నది అదొక్కసారే. మాస్టరు ఆయన వైపు చూశాడు, పూల వైపు చూశాడు. లోపలికి పోయి కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో వేసుకుని కూర్చున్నాడు.

పెద్దామె పాట ఎత్తుకుంది. మేము చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టాం. రెండో పాటలో ఉండగా సాయంత్రం బండి వచ్చి ఆగింది. పండగకు ఇల్లు చేరలేక దారిలో చిక్కిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు అందులో. మొదట కిటికీల్లో నుంచి చూశారు. ఒకామె ఉండబట్టలేక దిగి, కొంగు నడుముకు చుట్టి, నాకూ చిన్నదానికీ మధ్య జాగా చేసుకుని దూరింది. ఆమెను చూసి ఇంకొకామె, తర్వాత నలుగురు, ఆ తర్వాత ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలియలేదు. ప్లాట్‌ఫారం చాలక చుట్టు మీద చుట్టు అయింది. ఏ ఊరు, ఏ కులం అని అడిగే వ్యవధి ఎవరికీ లేదు, అడుగు తప్పితే వెనకామె కాలు తొక్కుతుంది. ఒక డబ్బాలో బురఖా పైకెత్తుకున్న ఒక తురకామె తన పాపను కిటికీలో నిలబెట్టి మా పాటకు సరిగ్గా చప్పట్లు కొట్టిస్తోంది.

గార్డు విజిల్ ఊదాడు. ఎవరూ కదల్లేదు. మళ్లీ ఊదాడు. దగ్గరికి వచ్చి, "అమ్మా, ఇంకా ఎంత టైము?" అన్నాడు.

"గౌరమ్మను సాగనంపాలె సారూ. గంతే," అన్నది పెద్దామె, తిరుగుతూనే.

ఆయన జేబులో నుంచి గడియారం తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

బతుకమ్మలను నీళ్లలో వదలాలి. దగ్గర్లో చెరువు లేదు. ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం కింద కారిన నీళ్లతో మోకాలి లోతు మడుగు ఒకటి ఉండేది, అక్కడికే పోయాం. అంతమంది ఆడవాళ్లు పూలతో రావడం చూసి డ్రైవరు ఏమనుకున్నాడో, గొట్టం పక్కకు తిప్పి నీళ్లు ధారగా వదిలాడు. మడుగు నిండి పొంగింది. బతుకమ్మలు ఒకదానికొకటి తగులుతూ తిరిగాయి. మాకందరికీ చీరలు తడిసిపోయాయి. నవ్వు ఆగలేదు.

రైలు ఆడవాళ్లు ఉరుకులు పరుగులతో ఎక్కారు. వాళ్ల చేతుల్లో నేను చేసిన నువ్వుల సద్ది దొరికినంత పెట్టాను. పెద్దామె జొన్నరొట్టె నలిపి బెల్లం కలిపి మలీద చేసి తెచ్చింది. తన వాళ్లందరికీ పంచి, నా దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకుంది. నేను ఆమె సిబ్బిలో చేయి పెట్టి నాకు నేనే తీసుకుని తిన్నాను. ఆమె నేను తినడం అయ్యేదాకా చూసి, "బెల్లం సరిపోయిందా?" అని అడిగింది. మాస్టరు కుర్చీలో నుంచి లేచి వచ్చి, "నాకు లేదా?" అంటూ చేయి చాపాడు. ఆయన ఎవరి సద్ది తిన్నాడో, నాదో వాళ్లదో, నేను చూడలేదు.

ఈ సంగతులేవీ మా అత్తగారింట్లో గానీ, పుట్టింట్లో గానీ చెప్పలేదు. ధైర్యం చాలలేదు. చెప్పి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

సీతాఫలాలు అయిపోతే వాళ్లు రారేమోనని దిగులు పడ్డాను. చలికాలంలో రేగుపండ్లతో వచ్చారు, ఎండాకాలం చింతచిగురుతో వచ్చారు. ఏమీ లేనప్పుడు నేనే గుట్ట దాటి వాళ్ల వాడకు పోయేదాన్ని. మా మొదటి బిడ్డ పుట్టినప్పుడు మా అమ్మ రావడానికి రెండు రోజులు పట్టింది. అప్పటికే పెద్దామె బిడ్డకు స్నానం చేయించి, నా పక్కలో పడుకోబెట్టి, అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ మా ఆయనకు తన పన్నెండు కాన్పుల కథ చెబుతోంది. ఆయన శ్రద్ధగా వినడమే కాదు, మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేస్తున్నాడు.

లడాయి ముగిసిన ఏడాది మాకు పెద్ద ఠేషనుకు బదిలీ అయింది. బయలుదేరే రోజు వాళ్లంతా వచ్చి నా ఒళ్లో ఒక గంప పండ్లు పెట్టారు. అన్నీ కళ్లు తెరిచినవే. రైలు కదిలాక పెద్దామె కిటికీ పక్కన నడుస్తూ ఏదో చెబుతూనే ఉంది. సగమే వినబడింది.

కొత్త చోట వరుసగా ఇరవై క్వార్టర్లు. మా పక్కదాంట్లోకి కొన్నాళ్లకు ఒక కొత్త జంట వచ్చింది. ఆ పిల్లకు పదహారో పదిహేడో. మగడు పనికి పోగానే తలుపు వేసుకునేది, ఆయన వచ్చేదాకా తెరిచేది కాదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు చిన్న గిన్నె పట్టుకుని పోయి తలుపు తట్టాను.

కొంచెం తెరిచి తొంగిచూసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తోడు పెట్టెటందుకు ఇంత మజ్జిగున్నదా బిడ్డా?" అన్నాను. మా ఇంట్లో కుండ నిండా పెరుగుంది.

"ఉన్నదక్కా. లోపలికి రాండ్రి," అని తలుపు పూర్తిగా తీసింది. మజ్జిగ పోస్తూ, అడగకముందే, వాళ్లది ఏ ఊరో చెప్పడం మొదలుపెట్టింది. నేను గిన్నె పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాను.